అద్దె ఇల్లు, ఎండాకాలం: కరెంటు బిల్లు, నీళ్ళ ఖర్చు తగ్గించే దారి చెప్పండి

పైపోర్షన్, అనంతపురం

అందరికీ నమస్తే. మాది అనంతపురం పాతూరు. రెండంతస్తుల ఇంట్లో పై పోర్షన్ అద్దెకు తీసుకున్నాం, కింద ఓనరు వాళ్ళు ఉంటారు. మా ఇంట్లో మేమిద్దరం, బడికి పోయే పిల్లలిద్దరు, మా అత్తమ్మ.

ఫిబ్రవరి బిల్లులో 170 యూనిట్లు ఉంటే ఏప్రిల్ బిల్లులో 310 ఉన్నాయి. యూనిట్లు రెట్టింపు కూడా కాలేదు, డబ్బులు మాత్రం రెట్టింపు దాటిపోయాయి. ఇదేంటని మా ఆయన్ను అడిగితే "ఎండాకాలం కదా" అన్నాడు. ఎండాకాలమని నాకూ తెలుసు.

ఇంట్లో ఉన్నవి: నాలుగు ఫ్యాన్లు (ఓనరు ఎప్పుడో బిగించినవి), కూలరు, ఫ్రిజ్, సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్, గీజరు, టీవీ, ఆర్వో. ఏసీ లేదు. ఏసీ కొనమని పిల్లలు రోజూ ఒకటే గోల.

నీళ్ళదీ అదే కథ. కొళాయి నీళ్ళు రోజూ రావు, వచ్చినప్పుడు కింద సంపులో పట్టుకుంటాం. బోరు ఉంది గానీ మార్చి దాటాక కాసేపు పోసి గాలి కొడుతుంది. ట్యాంకరు తెప్పిస్తే సగం డబ్బులు మావి. ఇంటికి పైకప్పు మా నెత్తి మీదే కాబట్టి సాయంత్రం మిద్దె మీద నీళ్ళు చల్లుతున్నాం, లేకపోతే రాత్రి పడుకోలేం.

దయచేసి సోలార్ పెట్టించుకోండి, కొత్త ఫ్రిజ్ కొనండి అని మాత్రం చెప్పొద్దు. ఇల్లు మాది కాదు, ఇంకో రెండేళ్ళకు ఎక్కడుంటామో తెలీదు. పోయేటప్పుడు వెంట తీసుకుపోగలిగేవి, ఖర్చు లేనివి ఉంటే చెప్పండి.

నంద్యాల అబ్బాయి

ఏసీని 24 మీద పెట్టి ఫ్యాను కూడా వేసుకోండి మేడం. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగుల్తుంది.

పైపోర్షన్, అనంతపురం

ఏసీ లేదు బాబూ. రాశాను కదా.

కర్నూలు వైర్‌మ్యాన్

అక్కా, నేను కర్నూలులో ఇళ్ళ వైరింగ్ పని చేస్తాను. ముందు డబ్బులెందుకు రెట్టింపు దాటాయో చెప్తా, తర్వాత మిగతావి.

2022లో పెట్టిన శ్లాబుల (వాడకం పెరిగేకొద్దీ పెరిగే రేట్ల) ప్రకారం ఇళ్ళకు మొదటి 30 యూనిట్లు ఒక్కోటి రూపాయి 90 పైసలు. 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, అది దాటితే 9.75. సర్దుబాటు చార్జీలు, సుంకం, ఫిక్స్‌డ్ చార్జీ వేరే. ఈ లెక్కన మీ 170 యూనిట్లకు 687 రూపాయలు. 310 యూనిట్లకు 1,760. పెరిగిన 140 యూనిట్లే వెయ్యి రూపాయలు దాటాయి. మీ ఇంట్లో మొదటి యూనిట్ రెండు రూపాయలు కూడా లేదు, చివరి యూనిట్ తొమ్మిది రూపాయలకు దగ్గర. తగ్గిస్తే తెగేది ఆ ఖరీదైన యూనిట్లే. 225 దగ్గర ఆపగలిగితే 740 రూపాయలు చేతిలో ఉంటాయి. ఇంకా కిందికి దించాలని పిల్లలను చీకట్లో కూర్చోబెట్టొద్దు, అక్కడ మిగిలేది తక్కువ.

ఇప్పుడు ఏది ఎక్కువ లాగుతోందో పట్టుకోవాలి. జనం ఈ పని చేయరు. ఎల్ఈడీ బల్బు కొంటారు, చార్జరు పీకేస్తారు, బిల్లు అట్లే ఉందని కరెంటోళ్ళను తిడతారు. దీనికి పరికరమేదీ అక్కర్లేదు, మీ మీటరే చెప్తుంది. మీటరు మీద చిన్న ఎర్ర లైటు కొట్టుకుంటూ ఉంటుంది. దాని పక్కన సన్న అక్షరాల్లో 3200 అనో 1600 అనో ఒక అంకె ఉంటుంది. 3200 అని ఉంటే ఆ లైటు 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్ కాలినట్టు.

పగటిపూట ఒక అరగంట తీరిక చూసుకోండి. ఇంట్లో అన్నీ ఆపేయండి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీసేయండి. ఒకరు మీటరు దగ్గర ఫోన్‌లో టైము పెట్టుకుని నిలబడాలి, ఒకరు పైన స్విచ్చులు వేయాలి. ఒక్క ఫ్యానే ఫుల్లు స్పీడులో వేసి నిమిషంలో లైటు ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టండి. వచ్చిన అంకెను 19తో గుణిస్తే దాదాపు ఎన్ని వాట్లో వస్తుంది. మీటరు మీద 1600 ఉంటే 38తో గుణించాలి. పాత ఫ్యాను అయితే నిమిషానికి నాలుగుసార్లు, అంటే 75 వాట్లు. తర్వాత అది ఆపి కూలరు, అది ఆపి టీవీ, ఇట్లా ఒక్కొక్కటే. గీజరు వేస్తే లెక్కపెట్టలేరు, నిమిషానికి నూరు దాటుతుంది. ఫ్రిజ్‌కు మాత్రం ఈ లెక్క పనికిరాదు, దాని కంప్రెసర్ ఆగి ఆగి నడుస్తుంది. దాని తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే రబ్బరు పోయినట్టు. వెనక గోడకు కాస్త ఎడం ఉండాలి.

అసలు ముఖ్యమైంది మొట్టమొదటి నిమిషం. అన్నీ ఆపాక కూడా లైటు వెలుగుతోందంటే దొంగ అక్కడున్నట్టు. అద్దె ఇళ్ళల్లో నేను చాలాసార్లు చూశాను. పై పోర్షన్ మీటరు మీద కింద వాళ్ళ మోటారు ఉంటుంది, గేటు లైటు ఉంటుంది. ఓనరు కావాలని చేయడు, ఇల్లు కట్టేటప్పుడు వైరు ఏది దగ్గరుంటే దానికి కలిపేసి ఉంటారు. గొడవ పడకుండా చూపించి మాట్లాడండి.

మీరు వెంట తీసుకుపోగలిగేది ఒకటి ఉంది, బీఎల్‌డీసీ ఫ్యాను, అంటే తక్కువ కరెంటుతో తిరిగే వేరే రకం మోటారు ఉన్నది. 30 వాట్ల చుట్టూ తీసుకుంటుంది. నాలుగూ మార్చొద్దు. ఎక్కువ గంటలు తిరిగేది ఒక్కటే మార్చండి. రోజుకు పదిహేను గంటలు తిరిగే ఫ్యాను మారిస్తే నెలకు 20 యూనిట్లు తగ్గుతాయి, మీ పై శ్లాబులో 175 రూపాయలు. ఫ్యాను ధర మూడు వేల దరిదాపు. రెండు మూడేళ్ళల్లో డబ్బులు తిరిగొస్తాయి. హాల్లో అప్పుడప్పుడూ తిరిగేదానికి మారిస్తే ఎప్పటికీ రావు. నాకేం కమీషన్ లేదు, రేపు మీరొచ్చి నన్ను అడక్కుండా చెప్తున్నా.

బోరు సంగతి. గాలి కొడుతున్నా మోటారు నడిపిస్తే నీళ్ళు రావు, కరెంటు మాత్రం కాలుతుంది, చివరకు వైండింగ్ కూడా కాలుతుంది. పొద్దున కాసేపు వేసి ఆపేయండి, బోరులో నీళ్ళు ఊరాక మధ్యాహ్నం మళ్ళీ వేయండి. ఒకేసారి ట్యాంకు నిండాలని చూడొద్దు. ఓనరు ఒప్పుకుంటే, నీళ్ళు లేనప్పుడు దానంతటదే ఆగిపోయే స్టార్టరు దొరుకుతుంది. కాలిన మోటారు పైకి లాగి వైండింగ్ చేయించే ఖర్చు ముందు దాని ధర ఏపాటిది?

ప్రొద్దుటూరు పిన్ని

వైర్‌మ్యాన్ అబ్బాయి కరెంటు చెప్పాడు, నేను నీళ్ళు చెప్తాను చెల్లెమ్మా.

బట్టలకు వేసే నీలిమందు ఇంట్లో ఉందా? రాత్రి అందరూ పడుకున్నాక లెట్రిన్ ఫ్లష్ ట్యాంకు మూత తీసి నాలుగు చుక్కలు వేయి. ఫ్లష్ నొక్కొద్దు. కాసేపాగి చూడు. కింద కమోడ్‌లోకి నీలం దిగిందంటే ట్యాంకు అడుగున రబ్బరు వాషరు కారుతున్నట్టు. చప్పుడు ఉండదు, కంటికి కనపడదు, రాత్రంతా సన్నగా పోతూనే ఉంటుంది. మన బోరు నీళ్ళల్లో ఉప్పు ఎక్కువ. ఆ రబ్బరు మీద తెల్లగా పెచ్చు కడుతుంది, ఇంక అది సరిగా కూర్చోదు. ముందు రబ్బరు తీసి చింతపండు పులుసులో నానబెట్టి రుద్ది చూడు. గట్టిపడి ఉంటే మార్చాల్సిందే, దానికేం పెద్ద ఖర్చు కాదు. మా ఇంట్లో ఎండాకాలం ట్యాంకు ఊరికే ఖాళీ అవుతుందని పిల్లలను తిట్టేవాళ్ళం. పాపం వాళ్ళదేం తప్పు లేదు.

ఫ్లష్ ట్యాంకు పాత పెద్దదైతే లీటరు సీసాలో ఇసుక నింపి మూత బిగించి లోపల ఒక మూలకు పెట్టు. నొక్కినప్పుడల్లా లీటరు మిగుల్తుంది. ఇటుక ముక్క మాత్రం వేయొద్దు, అది నాని పొడి రాలి వాషరు కింద చేరుతుంది.

సెమీ ఆటోమేటిక్ అన్నావు, అది నీళ్ళకు మంచిదే, నీళ్ళు మన చేతిలో ఉంటాయి. సబ్బు నీళ్ళల్లో ముందు తెల్లబట్టలు తిప్పు, అవే నీళ్ళల్లో తర్వాత రంగుబట్టలు, చివర కాళ్ళు తుడుచుకునే పట్టలు. జాడించిన నీళ్ళు బకెట్లకు పట్టి బాత్‌రూంలో పెట్టు, లెట్రిన్‌లో పోయడానికి, మెట్లు కడగడానికి సరిపోతాయి. సబ్బు నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోయొద్దు. బియ్యం కడిగినవి, కూరగాయలు కడిగినవి మీ అత్తమ్మ చూసుకుంటుందిలే, ఆ తరానికి మనం చెప్పేదేముంది.

ఆర్వో గురించి ఒక మాట. లీటరు మంచినీళ్ళకు రెండు మూడు లీటర్లు పైపులో బయటికి పోతాయి. ఆ పైపు కింద బిందె పెట్టు. ఇల్లు తుడవడానికి, లెట్రిన్‌కు వాడుకో. మొక్కలకు వద్దు, అందులో ఉప్పంతా ఎక్కువైపోయి ఉంటుంది. నీళ్ళు వృథా అని ఆర్వో తీసేసి బోరు నీళ్ళు కాచుకు తాగుతామనే వాళ్ళున్నారు. అనంతపురం వైపు బోర్లల్లో ఫ్లోరైడ్ ఉంటుంది, కాస్తే పోదు. పిల్లల పళ్ళు, ఎముకలు పాడవుతాయి. తాగేనీళ్ళ దగ్గర పొదుపు వద్దు.

మిద్దెతోట, కడప

అసలు అందరూ వాన నీళ్ళు మర్చిపోయారు. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. దేశంలోనే బాగా తక్కువ పడే జిల్లాల్లో అదొకటి, అయినా లెక్క చూడండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల మిద్దె అంటే 93 చదరపు మీటర్లు. ఏడాదికి 50 వేల లీటర్లు ఆ ఒక్క మిద్దె మీదే పడుతున్నాయి! ఇంకుడు గుంత తవ్వించి పైపులు దాంట్లోకి దించితే బోరు బతుకుతుంది. కింద పెద్ద కంకర, దాని మీద చిన్న కంకర, పైన ఇసుక.

కర్నూలు వైర్‌మ్యాన్

అన్నా, అద్దె ఇల్లని ఆమె మొదటే చెప్పింది. గుంత తవ్విస్తే ఓనరు ముందు ఆమెను పంపిస్తాడు.

మిద్దెతోట, కడప

సరే తమ్ముడూ, అద్దె వాళ్ళకు: మిద్దె మీంచి దిగే గొట్టం కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టుకోవచ్చు, పోయేటప్పుడు డ్రమ్ము వెంట వస్తుంది. మొదటి వాన మురికి నీళ్ళు వదిలేయాలి. తర్వాత పట్టి, దోమలు చేరకుండా పాత పంచె గట్టిగా కట్టాలి. సెప్టెంబరు, అక్టోబరు వానలకు పనికొస్తుంది. మే నెలలో మాత్రం నా దగ్గర కూడా జవాబు లేదు.

పైపోర్షన్, అనంతపురం

చెప్పినవి చేశాం. ఆదివారం మా ఆయన్ను మీటరు దగ్గర నిలబెట్టి నేను పైన స్విచ్చుల దగ్గర, మధ్యలో మెట్ల మీద మా చిన్నోడు వార్తాహరుడు. ఇంట్లో మెయిన్ కూడా దించేశాం. అయినా ఎర్ర లైటు నిమిషానికి దాదాపు మూడుసార్లు వెలుగుతోంది!

ఎంత వెతికినా దొరకలేదు. చివరకు మా అత్తమ్మే అంది, "మెట్ల మీద ట్యూబులైటు ఎవరిది?" అని. చోకు ఉన్న పాత పట్టీ. స్విచ్చు కింద ఓనరు వాళ్ళ వరండాలో ఉంది. మెట్లు చీకటిగా ఉంటాయని రాత్రింబగళ్ళు ఆపరు. వాళ్ళకు చెప్పి ఆపించి చూస్తే మీటరు ఆగిపోయింది. ఓనరమ్మ నిజంగానే నొచ్చుకుంది, వాళ్ళకూ తెలీదట. అక్కడ 9 వాట్ల బల్బు పెట్టించి, లైను వాళ్ళ మీటరుకు మార్పిస్తామన్నారు.

అన్నా, దానికి నెలకు ఎంత అయ్యుంటుంది? నీలిమందు పరీక్ష కూడా చేశాం పిన్నీ, మా ఫ్లష్ బాగానే ఉంది. ఓనరు వాళ్ళది కారుతోంది! ట్యాంకు ఇద్దరికీ ఒకటే కదా, వాళ్ళ వాషరు మార్పించడం మాకూ లాభమే.

కూలరు నిమిషానికి పదిసార్లు, అంటే 190 వాట్లు. పిల్లలేమో కూలరు తీసేసి ఏసీ అంటున్నారు. కూలరుకు నీళ్ళు మోయలేక చస్తున్నాను, ఏసీ అయితే నీళ్ళు తాగదు కదా అని నాకూ ఒక్కోసారి అనిపిస్తోంది.

కర్నూలు వైర్‌మ్యాన్

మూడుసార్లు అంటే చోకుతో కలిపి 55 వాట్లు. ఇరవైనాలుగు గంటలూ వెలిగితే నెలకు 40 యూనిట్లు. మీ శ్లాబులో 350 రూపాయలు. ఫ్యాను డబ్బులు మెట్ల మీదే దొరికాయి అక్కా. అత్తమ్మకు దండం పెట్టానని చెప్పండి.

ఏసీ సంగతి మీ ఇష్టం. టన్నున్నర ఏసీ రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే తక్కువలో తక్కువ ఎనిమిది యూనిట్లు అనుకోండి, నెలకు 240. అప్పుడు 400 దాటి 9.75 శ్లాబులోకి పోతారు. మీ కూలరు అన్నే గంటలకు నెలకు 45 యూనిట్లు.

గుత్తి రోడ్డు

నాది అనంతపురమే. ఏసీ వద్దక్కా, మన ఊరి ఎండ కూలరు కోసమే పుట్టింది. గాలి ఎంత పొడిగా ఉంటే కూలరు అంత చల్లగా కొడుతుంది. కానీ మనవాళ్ళు దాన్ని గది మధ్యలో పెట్టి తలుపులు మూస్తారు. కాసేపటికి గదంతా జిగట, కూలరు పనికిరాదని తీర్పు. కూలరు వీపు కిటికీ బయటికి ఉండాలి, ఎదురు తలుపు జానెడు తెరిచి ఉండాలి. బయటి గాలి రావాలి, లోపలిది పోవాలి.

నీళ్ళు తాగుతుంది, కాదనను. మాది చిన్న కూలరే, రాత్రికి రెండు బకెట్లు పైనే. తెల్లవారుజామున పంపు స్విచ్చు ఆపి ఉత్త ఫ్యాను ఉంచుకుంటే కొంత మిగుల్తుంది. పిన్ని చెప్పిన ఆర్వో నీళ్ళు మాత్రం కూలరులో పోయకండి, ఉప్పు పేరుకుని గడ్డి ప్యాడ్లు రాయిలా గట్టిపడతాయి. తొట్టిలో మిగిలిన నీళ్ళు కూడా రెండు మూడు రోజులకోసారి తీసి ఇల్లు తుడుచుకోండి. జూలైలో మబ్బులు పట్టాక కూలరు పనిచేయదు, అప్పుడు ఫ్యానే చాలు.

నన్నడిగితే మీ అసలు ఖర్చు మిద్దె మీద చల్లే నీళ్ళు. ట్యాంకరు నీళ్ళు కొని, మోటారుతో పైకెక్కించి, కాలిన సిమెంటు మీద పోస్తున్నారు. పొగలు పోయి ఆరిపోతాయి, గంటకు మళ్ళీ మామూలే. తాడిపత్రిలో మా జేజి వాళ్ళది మట్టి మిద్దె. బండల మీద మూరెడు మందాన చౌడు మట్టి. మే నెల మధ్యాహ్నం కూడా లోపల పడుకోగలిగేవాళ్ళం, ఫ్యానే లేదు ఆ ఇంట్లో. ఇప్పుడు స్లాబు పగలంతా వేడి తాగి రాత్రంతా మన మీదికి వదుల్తుంది. నీళ్ళు చల్లేకన్నా ఎండ స్లాబులోకి పోకుండా ఆపాలి. మిద్దె శుభ్రంగా ఊడ్చి, సున్నంలో కాస్త బంక కలిపి రెండు పూతలు వేయించండి. తెల్లటి మిద్దె ఎండను తిప్పికొడుతుంది. మేం ఏటా మార్చిలో వేస్తాం, వానలకు చాలావరకు కొట్టుకుపోతుంది, మళ్ళీ వేస్తాం. గదిలో తేడా చేత్తో తెలుస్తుంది, పైకప్పు ముట్టుకుంటే.

ప్రొద్దుటూరు పిన్ని

సున్నం వేసేటప్పుడు కళ్ళకు అడ్డం పెట్టుకోమనండి. సున్నం కంట్లో పడితే చాలా ప్రమాదం. పిల్లలను మిద్దె ఎక్కనీయొద్దు ఆ రోజు.

పైపోర్షన్, అనంతపురం

సున్నం సంగతి ఓనరమ్మతో మాట్లాడాను. ఫ్లష్ వాషరు, మెట్ల లైటు తర్వాత ఆమెకు మా మీద గురి కుదిరింది. సున్నం ఆమె తెప్పిస్తుంది, కూలి మేమిస్తాం. ఏసీ మాట ఈ ఏడాదికి ఆపేశాం, పిల్లలు అలిగారు. కూలరును కిటికీకి తిప్పాం, నిజంగానే తేడా ఉంది.

పడక గదికి ఒక బీఎల్‌డీసీ ఫ్యాను తెచ్చాం. రిమోట్ ఇచ్చారు. గోడ మీద పాత రెగ్యులేటరు ఉంది, పెద్ద డబ్బా లాంటిది, వేడెక్కుతుంది కూడా. దానికే కలపొచ్చా అన్నా?

కర్నూలు వైర్‌మ్యాన్

కలపొద్దు. రెగ్యులేటరు తప్పించి స్విచ్చు నుంచి నేరుగా ఫ్యానుకు ఇమ్మనండి, స్పీడు రిమోట్‌తోనే మార్చుకోవాలి. పాత రెగ్యులేటరు మీద నడిపితే లోపల సర్క్యూట్ పోతుంది, వారంటీ కూడా ఇవ్వరు. ఆ డబ్బా రెగ్యులేటరు ఇంకో గదిలో కూడా ఉంటే అక్కడ మామూలు ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు పెట్టించండి. డబ్బాది స్పీడు తగ్గించినా మిగిలిన కరెంటును వేడి చేసి పారేస్తుంది. ఎలక్ట్రానిక్‌ది అయితే తక్కువ స్పీడుకు తక్కువే లాగుతుంది.

విప్పిన పాత ఫ్యాను, రెక్కలు, మరలు అన్నీ ఒక సంచిలో వేసి అటక మీద పెట్టండి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మళ్ళీ బిగించి ఇవ్వాలి కదా.